జర ఆగు చెల్లె

ఆర్మూర్ పసుపు మార్కెట్ ఎదురుగా ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఒక అక్క ఉండేది. కంప్యూటర్‌లో ఏ మెసేజ్ వచ్చినా తెర మీద వేలు పెట్టి ఆఖరి అక్షరం దాకా చదివేది. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు నా నర్సింగ్ కోర్సు దరఖాస్తు నింపడానికి ఆమె దగ్గరికి వెళ్లాను; ఆ సాయంత్రం ఐదింటికే గడువు. పాత బ్రౌజర్‌లో ఫారం అంతా నింపాం, కానీ ఫోటో ఎక్కలేదు. కొత్త బ్రౌజర్ ఇన్‌స్టాల్ చేస్తుంటే రెండుసార్లు మధ్యలోనే ఆగిపోయింది. మూడోసారి పెద్ద మెసేజ్ వచ్చింది. అక్క వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది.

"అక్కా, టైం అయిపోతుంది! ఓకే కొట్టు."

"జర ఆగు చెల్లె, ఏం రాసిండ్రో చూడనియ్యి."

నేను మౌస్ లాక్కుని ఓకే నొక్కేశాను. కంప్యూటర్ ఆగిపోయి మళ్లీ మొదలైంది. సైట్‌లో ఇంకా సేవ్ చేయని ఫారం అంతా పోయింది.

"ముందుగాల అన్నీ సేవ్ చేసుకోమని రాసిండ్రు" అంది అక్క మెల్లగా.

మళ్లీ మొదటినుంచి నింపుతుండగానే ఐదు దాటి సైట్ మూసుకుపోయింది.

ఆ ఏడాది నా చదువు ఆగింది. ఇంట్లో మాత్రం అక్క నెమ్మది వల్లే ఇలా అయిందని చెప్పాను. అమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్లి ఆమెను నిలదీసింది. అక్క నావైపు ఒక్కసారి చూసింది.

"అవునమ్మా, నేనే ఆల్శం జేసిన" అంది.