తల వంచిన మధ్యాహ్నం

మా ముత్తాత, తాత గోదావరి లంకల్లో జమీందారులు. కచేరీ ద్వారబంధాన్ని కావాలనే పొట్టిగా పెట్టించారు. ఎంతటివాడైనా తల వంచకుండా లోపలికి రాలేడు.

నేను ఉత్తర ఒమాన్ కొండల మీద వాతావరణ కేంద్రాల పరికరాలు బాగుచేస్తాను. పోయిన వేసవిలో ఒక శిఖరంపై గాలివేగం కొలిచే యంత్రం బిగిస్తుంటే నల్లమబ్బు కమ్మింది. గాల్లోని విద్యుత్తుకు నా జుట్టు నిక్కబొడుచుకుంది.

"వంగు దొరా, పిడుగు పడతాది. కార్లోకి రా," అని అరిచాడు నాతో డ్యూటీ చేసే కడప మస్తాన్. వెక్కిరింతకు నన్ను అలాగే పిలుస్తాడు. ఇతను చెబితే వంగడమా అని నిటారుగా నిలబడ్డాను.

"పిడుగుకు నీ జమీందారీ తెల్దు," అంటూ మెడ పట్టి వంచి కారులోకి తోశాడు. తలుపు వేశాడో లేదో, నేను నిలబడిన చోటే, యంత్రం బిగిస్తున్న స్తంభంపై పిడుగు పడింది.

ప్రాణం దక్కింది. మెడ మీద ఆ చెయ్యి మాత్రం ఇంకా బరువుగానే ఉంది.

మా కచేరీ ద్వారబంధాన్ని నిరుడు హైదరాబాద్‌లో ఒక హోటల్‌కి అమ్మేశాం.