ఎడమ పక్క రాలిన పొలుసులు

కరోనా తగ్గిన మరుసటి వానాకాలం, రిటైర్మెంటుకు ఏడాది ముందు, చేవెళ్ల దగ్గరి ఒక పల్లె పశువుల దవాఖానకు నన్ను వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. హోదాలో అసిస్టెంటు ఉన్నా అక్కడ అంతకు మించిన డాక్టరు ఉండడు. చేపకు రాలిన పొలుసులు తిరిగి మొలిపించిన పశువైద్యుడు మా ప్రాంతం మొత్తంలో నేనొక్కడినే.

ఒక ఉదయం మొయినాబాద్ ఫాంహౌసు నుంచి కారు వచ్చింది. నేనూ, కంపౌండర్ నర్సింలూ వెళ్లాం. అక్కడి ఫాంహౌసుల్లో ఫాం తప్ప అన్నీ ఉంటాయి. యజమాని ప్లాట్లు అమ్మే పెద్దమనిషి. ఇంట్లో ఉంటే కలిసొస్తుందన్న వాస్తు చెప్పినాయన మాట మీద జానెడు అరోవానా చేపను తెచ్చి, రెండు వందల లీటర్ల అద్దాల తొట్టిలో వదిలి, దానికో ఏసీ పెట్టాడు. దాని ఎడమ డొక్క మీద నాలుగు పొలుసులు లేవు. ఆయన ముఖం చూస్తే రాలింది పొలుసులు కాదు, నాలుగు ప్లాట్లు అనిపించింది.

అప్పటికే నేరస్థురాలు కూడా ఖరారై నిలబడి ఉంది. ముడిమ్యాల నుంచి వచ్చి వంట చేసే మార్తమ్మ.

"తొట్టి కడుగుతా అని పీచుతోటి చేపను గూడ తోమింది డాక్టర్ సాబ్. చేప కనబడితే పొలుసు తీసుడు అలవాటైపోయింది వీళ్లకు. మీరు ఔనంటే ఇయ్యాల్నే పంపిచ్చేస్త."

"నేను పొలుసు తీస్తే అది పులుసయితుండె సార్," అంది మార్తమ్మ. "ఇట్ల ఈత కొడుతుండునా?"

పొలుసు రాలడం రోగం కాదు, ఆనవాలు. నీళ్లు చెడినా, పురుగు పట్టినా చేప దురదకు ఒళ్లంతా రుద్దుకుంటుంది. పొలుసులు రెండు పక్కలా పోతాయి. ఒకే పక్క పోతే గీసుకున్నట్టు లెక్క. భూతద్దంతో పావుగంట పరీక్షించి, తొట్టి ఈశాన్య మూలన ఉన్న గరుకు రాయే దోషి అని తేల్చాను.

భూతద్దం అబద్ధం. చేపల గురించి కాలేజీలో చదివింది పరీక్ష హాల్లోనే వదిలి వచ్చాను. నేను గడ్డం నిమురుకుంటుంటే మార్తమ్మే దగ్గరికొచ్చి చెప్పింది. "ఆ రాయి పెట్టినకాడికెల్లి మర్లినప్పుడల్లా ఎడమ డొక్క గీసుకుంటున్నది సార్. చెప్తే అయ్య ఇంటలేడు. వాస్తు రాయంట." అదే మాట నేను ఇంగ్లీషులో చెప్పాను. అయ్య వెంటనే విన్నాడు.

రాయి తీయించాను. వారానికోసారి పావు వంతు నీళ్లే మార్చాలనీ, కుళాయి నీళ్లు ఒక రోజు ఆరుబయట నిలవబెట్టి పోయాలనీ, గాయానికి బూజు పట్టకుండా దొడ్డుప్పు వేయాలనీ చీటీ రాశాను. కొన్ని వారాలకు పొలుసులు వచ్చాయి. మొలిపించింది నేను కాదని ఇప్పుడు ఒప్పుకుంటాను. లోపలి చర్మం చెడకపోతే అవే మొలుస్తాయి. మార్తమ్మ పని నిలిచింది. వాస్తు రాయి గేటు పక్కకు మారింది, అక్కడ దానికి కుక్క రుద్దుకుంటోంది.

ఈ కేసు నేర్పింది ఒకటే: నోరులేని జీవికి జబ్బు చేస్తే, రోజూ దానికి తిండి వేసే మనిషిని ముందు అడగాలి. ఉప్పు మోతాదు ఘనత మాత్రం నాది.

ఇంతవరకు రాసి నర్సింలుకు చదివి వినిపించాను.

"అది గూడ మీది కాదు సార్," అన్నాడు. "మీరు బర్రె లెక్కన రెండు కిలోలు రాసిన్రు. మార్తమ్మ కూర చూసినట్టు నీళ్లు నాలికె మీద ఏస్కొని, మూడు గుప్పెళ్లకే ఆపింది. మీ చీటీ నడిస్తే అది ఉప్పుచేప అయితుండె."