ఎవరికీ బాధ లేని పేరు

నేను నా బతుకులో ఒకే ఒక్క నాటకం రాశాను. అది ఆడి పాతికేళ్ళు దాటింది. నా కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు. ఎవరి మీద కోపం అంటారా? పెద్ద జాబితానే ఉంది, అందులో మొదటి పేరు నాదే. కాబట్టి మీరు మొహమాటపడకుండా నవ్వుకోవచ్చు.

అప్పుడు నేను పామర్రులో ఒక ప్రభుత్వాఫీసులో జూనియర్ అసిస్టెంటుని. ఇల్లేమో విజయవాడలో, భవానీపురం. పది నెలల పిల్లను మా అమ్మ చేతిలో పెట్టి పొద్దున్నే బస్సెక్కితే, మళ్ళీ దీపాలు పెట్టాకే ఇల్లు చేరడం. నన్ను చూసి ఎవరో కొత్తావిడ వచ్చిందనుకుని పిల్ల గుక్కపట్టి ఏడ్చేది. నాకు విజయవాడ బదిలీ కావాలి. నా దరఖాస్తేమో మా సూపరింటెండెంటు కోటేశ్వరరావు గారి బల్ల మీద, పేపర్‌వెయిట్ కింద మూడు నెలలుగా కునుకు తీస్తోంది.

ఒకరోజు ఆయన పిలిచారు. "రజియా గారూ, మీరు కథలూ అవీ రాస్తారటగా! ఆఫీసు వార్షికోత్సవానికి ఒక నాటకం రాసిపెట్టండి. మీ బదిలీ సంగతి మనసులో పెట్టుకుంటాను."

పై ఆఫీసుకు పంపాల్సిన కాగితాన్ని మనసులో పెట్టుకోవడమేమిటని అడగాలా వద్దా? అడగలేదు. ఎగిరి గంతేసి వచ్చాను.

కల్తీ కిరోసిన్ అమ్మే రేషన్ డీలరు కథ రాశాను. ఆఖర్లో జనం వాణ్ణి పట్టుకుని నాలుగు తగిలిస్తారు. ఇక వాడికి పేరు కావాలి. బస్టాండు కొట్లో అమ్మే నవలల్లో విలన్లు ఉండేవాళ్ళే, భుజంగాలూ, కాళీలూ, జగ్గులూ! ఆ పేర్లంటే నాకు ఒళ్ళుమంట. పేరు వినగానే మూడో పేజీలోనే హంతకుడెవరో తెలిసిపోయేది. కల్తీ చేసేవాడు మన పక్కింటాయనలాగే ఉంటాడు, కాబట్టి మామూలు పేరే పెడదామని శ్రీనివాసరావు అని పెట్టాను. ఎంత తెలివో చూశారా? మా ఆఫీసులోనే నలుగురు శ్రీనివాసరావులు ఉన్నారు.

మొదటి రిహార్సల్ రోజే నలుగురూ కట్టగట్టుకొచ్చారు.

"ఏమండీ, మేం మీకేం అన్యాయం చేశామండీ?"

"అయ్యో, మిమ్మల్ని కాదండీ బాబూ! ఊరికే ఒక పేరు..."

"ఊరికేనా? మా బావమరిది నిజంగానే రేషన్ డీలరండీ! ఇది చూస్తే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానిస్తుందా?"

సరే, వెంకటేశ్వర్లు అన్నాను. "స్వామి పేరు పెట్టి తన్నిస్తారా!" అన్నారు. ప్రసాద్ అన్నాను. అది క్యాషియరు గారబ్బాయి పేరట. విసుగొచ్చి, సిగ్గు విడిచి, చివరికి భుజంగరావు అనేశాను. సూపరింటెండెంటు గారు కుర్చీలోంచి లేచిపోయారు.

"అమ్మమ్మ! అది పెద్దాఫీసరు గారి మామగారి పేరండీ! సభకొస్తున్నారు కూడానూ!"

అంతటితో ఊరుకుంటే ఈ గోల మీకెందుకు చెబుతాను? నాకేదో ఉపకారం చేస్తున్నట్టు నవ్వుతూ అన్నారు: "ఇంత రాద్ధాంతమెందుకండీ, మస్తాన్ అని పెట్టేయండి. ఎవరికీ బాధుండదు."

మా నాన్న పేరు షేక్ మస్తాన్. భవానీపురంలో టైలరు. ఎవరి గుడ్డలోనూ జానెడు ముక్క మిగుల్చుకోని మనిషి. ఆ 'ఎవరికీ'లో నేను మనిషిని కానా? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కడిగేద్దామని నోరు తెరిచాను. పేపర్‌వెయిట్ కింద నా దరఖాస్తు కనపడింది. తెరిచిన నోరు మూసుకుని, పెన్ను తీసి, మస్తాన్ అని రాశాను. ఇదండీ నా ఘనకార్యం.

ఆ తర్వాత చూడాలి! శ్రీనివాసరావుగా ఉన్నన్నాళ్ళూ ప్యాంటూ చొక్కా వేసుకున్న డీలరుకు, మస్తాన్ కాగానే గళ్ళ లుంగీ వచ్చింది. మర్నాడు మెడకు రుమాలు. ఆ మర్నాడు కళ్ళకు సుర్మా, బుగ్గ మీద కత్తిగాటు.

"ఇవన్నీ నేను రాయలేదండీ!" అని అరిచాను.

"రాయక్కర్లేదు మేడమ్, పేరులోనే ఉందిగా!" అన్నాడు ఆ వేషం కట్టిన టైపిస్టు. వాణ్ణి కొట్టకుండా వదిలేసినందుకు నాకు ఇప్పటికీ బాధే.

నాటకం ఆదివారం సాయంత్రం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అయినా నా సంచిలో ఆహ్వానపత్రిక చూశారట మా నాన్న. తెర సందులోంచి చూద్దును కదా, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని, పిల్లను ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చుని ఉన్నారు. పక్కాయనతో, "మా అమ్మాయే రాసిందండీ" అంటున్నారు.

స్టేజి మీద "ఒరే మస్తానూ! పేదోళ్ళ ఉసురు తగుల్తుందిరా నీకు!" అని నేను రాసిన డైలాగే, నేను రాసిన దెబ్బలే. జనం ఈలలు. మా పిల్ల చప్పట్లు. మా నాన్న కూడా చప్పట్లు కొట్టారు! ఆ క్షణంలో నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది.

తెర పడగానే ఆయన దగ్గరికి పరిగెత్తాను. వెనకే కోటేశ్వరరావు గారు కిళ్ళీ నములుతూ తయారు. "చూశారా రజియా గారూ, ఒక్కడూ కిక్కురుమనలేదు! వీరు మీ నాన్నగారా? నమస్కారమండీ, తమరి పేరు?"

మా నాన్న పిల్లను భుజం మార్చుకుని, చేతులు జోడించి, నిదానంగా చెప్పారు. "మస్తానండీ. ఇప్పటిదాకా పైన తన్నులు తిన్నది నేనే."

కోటేశ్వరరావు గారి దవడ ఆగిపోయింది. బస్సులో మా నాన్న నన్ను ఒక్క మాటే అడిగారు. "ఇక బదిలీ ఇస్తారా అమ్మా?"

వచ్చింది, నెల తిరక్కుండా. ఆ మాట అడిగే బదులు మా నాన్న నన్ను అక్కడే బస్సులోంచి తోసేసినా అంత బాధపడేదాన్ని కాదు.

అందుకే సత్యప్రమాణంగా చెబుతున్నాను. ఇకముందు నేను ఏది రాసినా అందులో దుర్మార్గుడి పేరు కోటేశ్వరరావే, ఇంటిపేరుతో సహా. మార్చాలంటే ఆయన నిండు సభలో లేచి నిలబడి, నా కళ్ళలోకి చూసి, చేతులు జోడించి తన పేరు చెప్పుకోవాలి. మా నాన్న చెప్పినంత మర్యాదగా చెబితే, అప్పుడు ఆలోచిస్తాను.