పంతొమ్మిదో ఎక్కం, జిల్లేడాకు వాసన

ఈ పొద్దున పక్కింటామె తన మోకాలి నొప్పికి జిల్లేడాకు మీద ఆముదం రాసి పెనం మీద వేడి చేస్తోంది. ఆ వాసన కిటికీలోంచి రాగానే నేను మన అమరచింత బడిలో, నాలుగో తరగతిలో ఉన్నాను. గుర్తుందా దోస్తులూ? నా మోకాళ్ల నుంచి ఇదే వాసన వస్తుందని మీరెవరూ నా పక్కన కూర్చునేవాళ్లు కాదు!

పిల్లలకూ కీళ్లవాతం వస్తుందని అప్పుడు మనకు తెలియదు. మొదటి గంటే ఎక్కాలు. లేచి నిలబడితే మోకాళ్లు సలిపేవి. ఆ సలుపులో, ముందురోజు గడగడా చదివిన ఎక్కం ఎటో పోయేది. సారు మొద్దు అన్నారు. నేనూ నమ్మాను. ఇంటికొచ్చి పలక విసిరికొట్టాను.

మా అవ్వ మాత్రం నమ్మలేదు. మగ్గానికి నూలు కండెలు చుట్టే రాట్నం ఆపి మర్నాడు బడికొచ్చింది.

"సారూ, నా పిల్ల మొద్దు గాదు. పొద్దుగాల దాని పానమంత మోకాళ్ల మీదనే ఉంటది. మాపటికి నా రాట్నం కాడ కూసొని అన్నీ చెప్తది. బువ్వ తిన్నంక అడిగి సూడుండ్రి."

అడిగారు. కూర్చునే చెప్పమన్నారు, అదీ పంతొమ్మిదో ఎక్కం. మీరంతా నా నోటివంకే చూస్తున్నారు. పంతొమ్మిది పదులు నూట తొంభై అనగానే సారు నవ్వి, "చాలు తల్లీ" అన్నారు.

నేను ఆపలేదు. పంతొమ్మిది ఇరవైలు మూడు వందల ఎనభై దాకా పోయాను.

మర్నాడు నా పక్కన చోటు కోసం కొట్లాడుకున్నది ఎవరెవరో, కామెంట్లలో మీరే ఒప్పుకోండి.