ఎసరు పెట్టని రాజీ

విశాఖపట్నంలో తెల్లారగానే కిరండూల్ పాసింజరెక్కాను. అరకులోయ దాటాక కొండల్లో రెండు ఊళ్ల మధ్య గెడ్డ నీళ్ల తగువు, గెడ్డంటే అక్కడ కొండవాగు. రాజీకి పెద్దమనిషిగా రమ్మని కబురొచ్చింది. ముప్ఫయ్యేళ్లు ఆ సంతల్లో పసుపు కొన్నవాణ్ణి, రెండు ఊళ్లూ నన్ను ఎరుగుదురు. పొట్లాలు కట్టే పాత పేపర్లు చదివి నేర్చుకున్నదే నా చదువు. అయినా ఇలాంటి రాజీలు చాలా చూశాను. కూర్చున్నదీ మగాళ్లే, మళ్లీ చెడగొట్టిందీ మగాళ్లే.

కుడిచేతి కిటికీ దొరికితే లోయలు బాగా కనిపిస్తాయి. ఈసారి ఆడవాళ్లూ కూర్చుంటే బాగుండునన్న నా మాట విని ఎదుటి సీట్లోని మేష్టారు నవ్వాడు.

"ఆడవాళ్లని కూడా కూర్చోబెడితే తగువు పెరగదుటండీ?"

"ఇన్నాళ్లూ పెంచిందెవరయ్యా?" అన్నాను. ఆయన పేపరు విప్పుకున్నాడు.

అరకులో దిగేసరికి పదకొండు దాటింది. స్టేషను బయట ఇడ్లీ తిని జీపెక్కాను. మనుషులు వెనక వేలాడితేగాని ఆ జీపు కదలదు. నా పక్కన చిలకమ్మ కూర్చుంది. ఆ రెండు ఊళ్లలో పై ఊరి పిల్ల, కింది ఊరి కోడలు. ఒళ్లో మందుల సంచి.

"మా అమ్మకి జొరం తాతా. మందులు కొన్నాను గానీ ఎలా ఇచ్చీది? దారికి ముళ్లకంప అడ్డేసినారు."

పై ఊరివాళ్లు గెడ్డకు అడ్డుకట్ట వేశారు, కిందివాళ్లు దాన్ని కొట్టేశారు. అప్పట్నుంచి రెండు ఊళ్ల మధ్య దారి మూత.

గెడ్డ ఒడ్డున మగాళ్లు రెండు వరసల్లో ఎదురెదురుగా కూర్చున్నారు. మాట కుదిరాక రెండు ఊళ్ల బియ్యం ఒకే డేగిశాలో వండి అందరూ తినాలి. తిన్నాక తగువు మాట ఎత్తకూడదు. అదీ అక్కడి కట్టు. వంట ఆడవాళ్లది కాబట్టి వాళ్లు దూరంగా పొయ్యి దగ్గరున్నారు.

మధ్యాహ్నమంతా నీళ్ల వాటాలే. పొయ్యి దగ్గర్నుంచి చిలకమ్మ కేకేసింది. "దారి మాటేటి?"

"నువ్వు ఎసరు సూసుకోవే!" అన్నాడు ఆమె మామ సోమన్న. రెండు వరసలూ నవ్వాయి. ఆ రోజు వాళ్లు కలిసి చేసిన మొదటి పని అదే!

చిలకమ్మ మండుతున్న కట్టెలు లాగి గెడ్డలో ముంచేసింది. మిగతా ఆడవాళ్లూ తలో కట్టె లాగేసి, వచ్చి రెండు వరసల మధ్య కూర్చున్నారు.

"మీ పక్కకి పోండి," అన్నాడొకడు.

"ఏ పక్కకి? పుట్టింది అటు, మెట్టింది ఇటు," అంది చిలకమ్మ.

"ఆడోళ్లు కూకుంటే రాజీ అవదు."

పై ఊరి ముసలామె లేచింది. "మీరు కూకుంటే అయిందేటి? పోన్సారి తిన్న కూడు అరక్కముందే గొడ్డళ్లు పట్టినారు కాదా?"

"మేవే వండుకుంటాం!" అని ఇద్దరు లేచారు. తడికట్టెలు అంటుకుంటాయా? పొగ, దగ్గు. ముసలామె అడిగింది, "బియ్యం కడగడం వచ్చునా నాయినా?"

చివరికి సోమన్నే కళ్లు తుడుచుకుంటూ, "సెప్పండే, ఏటంతారు?" అన్నాడు.

ముందు కంప తియ్యాలన్నారు. తీశాకే నీళ్ల మాట. తాగే నీళ్లు వదిలాక మిగిలినవి రెండు ఊళ్ల మళ్లకూ సమంగా పారాలి, ఎవడు మళ్లీ అడ్డుకట్ట వేసినా, గొడ్డలి పట్టినా రెండు ఊళ్ల ఆడవాళ్లూ కలిసి వాడి గుమ్మంలో కూర్చుంటారు. మగాళ్లు గొణిగారు, ఒప్పుకున్నారు. కంప తీస్తూనే చిలకమ్మ సంచి భుజాన వేసుకుని దారెక్కింది.

"కూడు తినకండా ఎల్తే రాజీ ఎలాగవుద్దే?" అన్నాడు సోమన్న.

"నాను ఎల్లడవే రాజీ, మావా." వెనక్కి తిరగనైనా లేదు.

మర్నాడు స్టేషనుకి తిరుగు జీపులో ఆ ఊళ్లవాళ్లిద్దరు, "పెద్దలం కూకుని తేల్చేసినాం" అని అందరికీ చెప్పుకుంటున్నారు. నాకు ఒళ్లు మండింది. ఘాటు మలుపులో జీపు ఆపించి, డ్రైవరుతో సహా అందరూ వినేలా చెప్పాను: "తేల్చింది ఆడవాళ్లు, మీరు దగ్గుతూ కూర్చున్నారు!" వాళ్లకి అవమానమైతే అవనీ. ఇది చదివే మీలో ఎవరైనా ఆ కొండలెక్కినప్పుడు అక్కడివాళ్లు ఇంకో కథ చెబితే నమ్మకండి. నేను అక్కడే ఉన్నాను.