మా పెరడు కిందింటికి వెళ్లిన సంగతి

వినుకొండలో మా ఇల్లు కొండ వాలులో ఉంటుంది. వాకిలి రోడ్డుకు సమంగానే ఉంటుంది గానీ, పెరడు మాత్రం కిందింటివైపు జారుగా ఉంటుంది. చేతిలో నిమ్మకాయ జారితే వాళ్లింట్లో ఏరుకోవాలి. ముప్పై ఏళ్లు అలాగే కాపురం చేశాం.

నిరుడు మా ఆవిడకు మోకాలి ఆపరేషనైంది. రోజూ అరగంట చదును నేల మీద నడవాలన్నాడు డాక్టరు. రోడ్డు మీద బైకులు నడవనివ్వవు. వసారాలో పది అడుగులు వేస్తే గోడ వస్తుంది. ఆ గోడను నాలుగుసార్లు చూసి కుర్చీలో కూలబడేది. నాకది చూడబుద్ధయ్యేది కాదు. పెరడు చదును చేయిస్తానని మాటిచ్చాను.

మా పల్నాడులో ఏ అవసరానికైనా నాపరాయే. పడుకోబెడితే అరుగు, నిలబెడితే గొడ్లదొడ్డికి గోడ. పెరటి కింది అంచున నడుమెత్తు రాళ్లు వరసగా పాతి, వెనక మట్టి నింపమన్నాను. మేస్త్రి తల గోక్కున్నాడు.

"బాబాయ్, ఇది గొడ్లదొడ్డి కాదు. వానకి మట్టి నీళ్లు తాగి రాళ్లను నెడుద్ది. అడుగున నీళ్లు పోయే దారన్నా పెట్టు, లేకపోతే మెట్లు కట్టుకో."

"మా దొడ్డికి మా నాయన పాతిన రాళ్లు ఇప్పటికీ కదల్లేదు," అన్నాను.

"వాటి ఎనకాల మట్టి ఏడుంది?"

నీళ్లదారి పెట్టించలేదు. పైగా రాళ్ల సందులన్నీ సిమెంటుతో పూడ్పించాను.

మా ఆవిడ ఆ చదును మీద పదకొండు రోజులు నడిచింది. పన్నెండో రోజు వాన పడింది. తెల్లారి చూస్తే రాళ్లన్నీ కిందింటివైపు బోర్లా పడున్నాయి. మట్టంతా వాళ్ల పెరట్లో ఉంది.

కిందింటామె నన్ను అన్నయ్యా అంటుంది. ఆ రోజూ అలాగే పిలిచింది. దాంతో ఇంకా భయమేసింది.

"ఏంది అన్నయ్యా, పెరడంతా మాకే పంపించావు?"

తట్టలతో ఎత్తించేస్తానన్నాను.

"ఎందుకులే. మా గుంతలు చానా పూడినయ్. నేనే సర్దుకుంటా."

సర్దుకుంది. వారం తిరిగేసరికి ఆమె పెరడు అరచేతిలా చదునైంది. మా ఆవిడ మళ్లీ వసారా గోడ చూస్తూ కూర్చుంది.

సిగ్గు విడిచి మేస్త్రిని పిలిచి మెట్లు కట్టమన్నాను. అతను నవ్వలేదు, అదొక్కటే మేలు. కిందింటామెను అడిగి, పడ్డ రాళ్లనే పడుకోబెట్టి, వాళ్ల పెరట్లోకే దిగేలా పొట్టి మెట్లు వేశాడు. సాయంత్రం కాగానే మా ఆవిడ నా భుజం పట్టుకుని దిగుతుంది. "రా వదినా," అంటుంది కిందింటామె. ఇద్దరూ ఆ పెరట్లోనే ఊళ్లో సంగతులన్నీ నడిచి వస్తారు. నేను పైమెట్టు మీద కూర్చుంటాను.

నిన్న మా ఆవిడ నా భుజం పట్టుకోకుండానే పైదాకా ఎక్కి వచ్చింది.

"నేల బాగా చదును చేయించారు," అంది.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మట్టి పడిందన్నాను.

"మన మట్టేగా, ఏం కాదులెండి," అంది.