పూతా లేదు, పిందే లేదు, కాయ పేరు చిన్నరసం

మనిషి పరువు పోవడానికి పెద్ద పెద్ద కారణాలు అక్కర్లేదండీ. ఒక్క మామిడికాయ చాలు. నాదైతే అత్తమామల ఎదుట, రిసార్టులో ఈతకొలను గట్టు మీద, పట్టపగలు పోయింది. మా అత్తగారు ఆ సంగతి ఇప్పటికే నూజివీడు నుంచి ఆగిరిపల్లి దాకా చెప్పేశారు కాబట్టి, ఇక నేను దాచేదేమీ లేదు. మీరు కూడా నవ్వేయండి, నేనేమీ అనుకోను.

అప్పటికి మాకు పెళ్ళయి మూడేళ్ళు. మాది జి. కొండూరు దగ్గర, వరి తప్ప మరో పంట ఎరగని ఇల్లు. మా మామగారికి ఆగిరిపల్లిలో మామిడి తోట ఉంది. ఏటా పూత రాకముందే ఎవరో ఒక వ్యాపారికి కాపు గుత్తకిచ్చేసేవారు. నాకేమో విజయవాడలో ఆఫీసు కుర్చీ మీద విసుగు పుట్టింది. ఆర్నెల్ల పాటు ఫోన్లో మామిడి సాగు వీడియోలు చూశాను. చూసీ చూసీ, నాకు తెలియని చెట్టు లేదన్న నమ్మకానికి వచ్చేశాను.

ఈ ఏడు తోట బయటివాళ్ళకి ఇవ్వకుండా నాకు ఇవ్వమని మామగారిని అడగాలి. నాకు ధైర్యం చాలక మా ఆవిడ మాధవి చేత అడిగించాను. "ఆయనకి కాయ చూపిస్తే చాలు నాన్నా, రకం, వయసు, కోతకెప్పుడొస్తుందో అన్నీ చెప్పేస్తారు" అని తను నా తరఫున మాటిచ్చింది. పాపం, ఆ ముక్క తనకి చెప్పింది నేనే.

మామగారు అవుననలేదు, కాదనలేదు. "చూద్దాం" అన్నారు.

ఆ "చూద్దాం"ని "సరే" చెయ్యడానికి నేనో ఎత్తు వేశాను. మార్గశిర మాసంలో, సీజన్ కాని సీజన్లో, మామిడి తోటల మధ్య కొత్తగా కట్టిన ఒక రిసార్టుకి అత్తమామల్ని తీసుకెళ్ళాను. మనిషి ఒళ్ళు వాల్చి, కడుపునిండా తిని కూర్చుంటే మెత్తబడతాడు కదా అని నా లెక్క. మామగారు కూడా దారిలో అన్నారు, "రేపు సాయంత్రం టీ తాగేటప్పుడు తోట సంగతి తేల్చేద్దాం అల్లుడుగారూ" అని.

రిసార్టు మొత్తానికి మేం నలుగురమే. ఒకరు మంచినీళ్ళు అడిగితే ముగ్గురు పరిగెత్తుకొచ్చేవారు. బద్ధకంగా గడపడమన్నది మా అత్తమామలకి చేతకాని విద్య. అత్తగారు మర్నాడు ఉదయాన్నే గదిలో దుప్పట్లు మడతపెట్టి, బాత్రూమ్ కడిగి, తర్వాత కడగడానికొచ్చిన ఆమెని కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. మామగారు ఈతకొలను పక్కన వాలుకుర్చీలో, భుజం మీద తువ్వాలుతో, బ్యాంకులో టోకెన్ కోసం కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నారు. నేనూ మాధవీ మాత్రం భోజనమయ్యాక చెరో కుర్చీలో పడి కునుకు తీశాం.

కళ్ళు తెరిచేసరికి కొలనుకి అటుపక్క మామిడిచెట్టు కనిపించింది. దాని నిండా కాయలు. మార్గశిరంలో కాయలేంటి? ఏ తోటలోనైనా పూత కోసం మొహాలు వాచిపోయే రోజులవి. బుద్ధున్నవాడైతే లేచి వెళ్ళి చూసేవాడు. నేను కుర్చీలోంచి లేవకుండానే నోరు తెరిచాను.

"చూశారా మావయ్యగారూ, పునాస కాపు. సీజన్ కాకుండా కాసేది."

"అలాగా. నాకు కళ్ళజోడు గదిలో ఉండిపోయింది. ఏం రకమంటారు?" అన్నారాయన.

"చిన్నరసం."

"చిన్నరసానికి పునాస కాపుంటుందా?"

"అంటు కట్టుంటారండీ. ఇప్పుడన్నీ వస్తున్నాయి."

"చెప్పానా నాన్నా?" అంది మాధవి. ఆ మొహంలో వెలుగు చూసి నాకు ఒళ్ళు పొంగిపోయింది. పూతా లేదు, పిందే లేదు, కాయ పేరు చిన్నరసం.

"అయితే ఒకటి కోసుకురండి, చూద్దాం" అన్నారు మామగారు.

కాయలు కోసే చిక్కం అక్కడెక్కడ దొరుకుతుంది? కొలనులో ఆకులు తీసే వలకర్ర గోడకి ఆనించి ఉంటే అది పట్టుకెళ్ళాను. కాయకి తగిలించి లాగాను. కొమ్మ మొత్తం వంగింది గానీ కాయ ఊడలేదు.

"ముచ్చిక గట్టిగా ఉందండీ, ఇంకా లేతది" అని అక్కణ్ణుంచే ప్రకటించాను.

ఇంకోసారి లాగితే టప్పున ఊడి వలలో పడింది. చేతిలోకి తీసుకున్నాను.

బరువు లేదు. నడుం చుట్టూ సన్నగా అతుకు. ముచ్చిక ఉండాల్సిన చోట తీగముక్క. కాయ ప్లాస్టిక్‌ది.

అప్పుడైనా "అయ్యో, బొమ్మకాయండీ" అని నవ్వేసుంటే, నలుగురం నవ్వుకుని టీ తాగేవాళ్ళం. ఈ కథే ఉండేది కాదు. కానీ ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. మాధవి అయితే కుర్చీలోంచి లేచి మరీ నిలబడింది. అంతకుముందే రకం చెప్పాను, అంటు చెప్పాను, లేతదని కూడా చెప్పాను. ఇన్ని చెప్పాక ప్లాస్టిక్ అని ఏ నోటితో చెప్పను? నా మెడలోని తువ్వాలులో చుట్టి తీసుకొచ్చాను.

"ఏదీ, ఇలా ఇవ్వండి" అన్నారు మామగారు.

"వద్దండీ, సొన కారుతోంది. చేతులు పొక్కుతాయి."

"నా చేతులకి కొత్తా సొన? సరే, ఆ నీళ్ళలో వెయ్యండి. ముదురో లేతో తేలిపోతుంది."

ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. మా వైపు అది అందరికీ తెలిసిన పరీక్షే. కొలనులో వేశాను. అది తేలడం కాదు, పడవలా పోయింది. కాస్త గాలి వీస్తే అవతలి గట్టు దాకా వెళ్ళి, తగిలి, తిరిగి వచ్చింది.

"చూశారా, లేతదే" అన్నాను. "ఇంకో పది రోజులుంచితే ముదురుతుంది."

"పది రోజులు చాలంటారా?"

"పన్నెండు."

"లేతదైతేనేం బాబూ, పప్పులోకి బాగుంటుంది" అన్నారు అత్తగారు.

"అమ్మా ఉండు, ముందు నేనో ముక్క ఉప్పూకారం అద్దుకుని తినాలి" అంటూ మాధవి వంగి నీళ్ళలోంచి కాయ తీసింది.

తీసి, బొటనవేలితో నొక్కింది. తిరగేసి చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆ క్షణాన ఆ కొలనులో నేనైనా తేలకుండా మునిగిపోతే బాగుండుననిపించింది. తను కాయని చున్నీ కింద దాచేసి, వాళ్ళ నాన్నతో మామూలుగా, "మరీ పసరు వాసనొస్తోంది నాన్నా. నాకొద్దులే" అంది.

అంతలో రిసార్టు మేనేజరమ్మ వచ్చింది. "సార్, ఆ కాయ ఇటిచ్చేయండి, మళ్ళీ కట్టించేస్తాం. ఇప్పుడు చెట్లకి కాయలుండవు కదండీ, ఫొటోలు దిగేవాళ్ళ కోసం కట్టాం."

మాధవి చున్నీ కిందనుంచి కాయ తీసి ఇచ్చింది. మామగారు మేనేజరమ్మతో నెమ్మదిగా అన్నారు, "జాగ్రత్తగా చూసుకోమ్మా. పన్నెండు రోజుల్లో ముదురుతుందని మా అల్లుడుగారు చెబుతున్నారు."

అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గదిలోకి పరిగెత్తారు. గది తలుపు వేసినా ఆ నవ్వు వినిపిస్తూనే ఉంది.

టీ వచ్చింది. నా కప్పులో టీ మీగడ కట్టింది.

"దూరం నుంచి కాయ పోల్చలేకపోవడం తప్పు కాదండీ" అన్నారు మామగారు. "చేతిలోకి వచ్చాక తెలిసింది కదా మీకు?"

"తెలిసిందండీ."

"నీళ్ళలో వేసినప్పుడు నాకూ తెలిసింది. ఎప్పుడు చెబుతారా అని చూశాను." కప్పు కింద పెట్టారు. "మా అమ్మాయి నాతో ఎప్పుడూ అబద్ధం చెప్పి ఎరగదు. ఇవాళ మీకోసం చెప్పింది."

ఆయన నాలుగు తిట్టినా దులుపుకునేవాణ్ణి. ఈ మాటకి ఏం చేయాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

"తోట ఈసారి బయటివాళ్ళకి ఇవ్వట్లేదు" అన్నారాయన. నేను ఆశగా చూశాను, సిగ్గులేని జన్మ. "మాధవికి ఇస్తున్నా."

"నాకేం తెలుసు నాన్నా మామిడి గురించి? నాకేమీ తెలియదు" అంది తను కంగారుగా.

"ఆ మాట అన్నావు చూడు, అందుకే" అన్నారు మామగారు. "అల్లుడుగారు నీ దగ్గర పనిచేస్తారు. ఏమంటారండీ?"

ఏమంటాను? మీగడ కట్టిన టీ ఒక్క గుక్కలో తాగేశాను.

అందుకని పాఠకులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ చెట్టుకింద నిలబడినా, ఏ కాయ కనబడినా, అది మామిడో జామో కూడా నా నోటితో చెప్పను. ఎవరైనా అడిగితే నా దగ్గర ఒకటే సమాధానం: "మా ఆవిడని అడిగి చెబుతానండీ."